బొంబాయి కట్టు కట్టిన సంచి

మస్కట్ హమ్రియాలో మా సందులో ఎవరైనా సెలవు మీద ఇండియాకు వెళ్లాలనుకుంటే ముందు టికెట్టు కొనేవాళ్లు కాదు, నర్సయ్యను అడిగేవాళ్లు. టికెట్టు ఏ విమానానికైనా దొరుకుతుంది. నర్సయ్య శుక్రవారం మాత్రమే దొరికేవాడు. ఆ ఒక్క రోజు కోసం జనం అట్టపెట్టెలు ఒళ్లో పెట్టుకుని మా రూమ్ మెట్ల మీద వరుసగా కూర్చునేవాళ్లు.

నర్సయ్యది జగిత్యాల దగ్గర పల్లె. మా కంపెనీలో కాంక్రీటు పని. తలకాయ తెచ్చి నేరుగా భుజాల మీద పెట్టినట్టుండే పొట్టి మనిషి. ఇంటికి తీసుకెళ్లే సామాను తాడేసి కట్టడంలో మస్కట్ మొత్తంలో అతన్ని మించినవాడు లేడు. ఆ కట్టుకు మేం బొంబాయి కట్టు అని పేరు పెట్టుకున్నాం. ఆ రోజుల్లో మనవాళ్లు చాలామంది బొంబాయిలో దిగి అక్కడినుంచి ఊళ్లకు పోయేవాళ్లు. దారిలో సామానును విమానం దగ్గర ఒకడు విసిరేవాడు, రైల్లో ఇంకొకడు విసిరేవాడు, ఊరి బస్సు టాపు మీదినుంచి క్లీనరు విసిరేవాడు. అందరూ విసిరాక కూడా లోపల టీ గ్లాసు పగలకుండా ఉంటే అది నర్సయ్య కట్టిన పెట్టె అన్నమాట.

ఆ కట్టుకు కొన్ని పద్ధతులున్నాయి. బరువైనవన్నీ అడుక్కి పోవాలి. పగిలేవి గింజల్లోనో దుప్పట్లలోనో దాక్కోవాలి. అన్నిటికన్నా విలువైన వస్తువు నట్టనడుమ, ఎవడి చెయ్యీ చేరని చోట ఉండాలి. ఆపైన రూమ్‌లో అందరికన్నా లావైనవాడు ఎక్కి కూర్చోవాలి. మా రూమ్‌లో ఆ ఉద్యోగం గంగాప్రసాద్‌ది. అతను కూర్చుని ఊపిరి వదిలాక అడ్డంగా, నిలువుగా నైలాను తాడు బిగించి, అన్ని వైపులా పేరూ ఊరూ జిల్లా రాయాలి.

ఒక కోరుట్ల మనిషి నర్సయ్య చేత టీవీ కట్టించుకుని ఊరికి వెళ్లాడు. సెలవంతా కూర్చున్నా ముడి రాలేదు. ఊళ్లో పెద్దమనుషులు వచ్చి చూసి వెళ్లారు. చివరికి ఆ టీవీని కట్టు కట్టినట్టే వెనక్కి తెచ్చి, మస్కట్‌లో నర్సయ్య చేత విప్పించుకున్నాడు. మా కడప కాన్వెంటులో సిస్టర్లు నాకు ఇంగ్లీషు చదవడం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం, రెండూ నేర్పాలని చూశారు. ఇంగ్లీషు బాగానే వచ్చింది.

కట్టడం నర్సయ్యకు సరదా మాత్రమే. అతని కోరికంతా వంట మీద ఉండేది. రూమ్‌లో అతని వంతు వచ్చిన రోజున పక్క రూముల వాళ్లు ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చేవాళ్లు. ఒకడు అగ్గిపెట్టె అడగడానికి, ఒకడు అగ్గిపెట్టె తిరిగి ఇవ్వడానికి. అతని గుడ్ల పులుసు అలాంటిది. మెస్‌లో వంటపని ఇమ్మని కంపెనీని అడిగాడు. మెస్‌కు వంటవాళ్లున్నారన్నారు. మళ్లీ ఎండలో కాంక్రీటు, మళ్లీ సాయంత్రం అరచేతుల పగుళ్లకు కొబ్బరి నూనె.

తొంభై రెండు చలికాలంలో అవకాశం దానంతట అదే వచ్చింది. నిజ్వా దాటాక కొండల్లో ఏదో కొత్త రోడ్డు వేయడానికి దారి చూసి రమ్మని మా కంపెనీకి పని అప్పగించారు. ఆ సర్వే పార్టీకి పెద్ద మజహర్ సాబ్. హైదరాబాదు మనిషి, మీసం మీద మమకారం ఎక్కువ, తిండి మీద ఇంకా ఎక్కువ. నేను స్టోరు చూసుకోవడానికి ఆయనతో వెళ్తున్నాను. అంతకు ముందున్న వంటవాడు పోయిన ట్రిప్పంతా డబ్బాల్లోని చిక్కుడు గింజలే పెట్టి, మజహర్ సాబ్ చేత తిట్లు తిని, మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పుకున్నాడు. నేను నర్సయ్యను తీసుకుని సాబ్ దగ్గరికి వెళ్లాను.

"వంట చేస్తావా?" అన్నాడు సాబ్. "మంచిదే. కానీ విను. అక్కడికి జీపు పోదు. గాడిదలున్నాయి. వాటి మీద మిషన్లు, నీళ్లు, టెంట్లు. నీ వంటిల్లు నీ వీపు మీదే రావాలి. ఈ ఒక్క ట్రిప్పు చూస్తా. టైముకు చాయ్, వేడి వేడి తిండి వచ్చిందంటే నువ్వు పర్మనెంట్ కుక్. రాలేదంటే మళ్లీ కాంక్రీటే. తర్వాత నా దగ్గరికి రావద్దు."

"నా ఈపుకేమైతది సాబ్? ఇన్నేండ్లు సిమెంటు బస్తాలు మోసిన. గుడ్లు మొయ్యనా?"

"గుడ్లా? కొండ మీదికి గుడ్లా?" సాబ్ పగలబడి నవ్వాడు. కానీ నవ్వయ్యాక ఒకసారి పెదవులు తడుపుకోవడం నేను చూశాను.

ఆ శుక్రవారమే సంచి కొనడానికి బాబు మియా దుకాణానికి వెళ్లాం. బాబు మియాది హైదరాబాదు పాతబస్తీ. సూట్‌కేసులు, దుప్పట్లు అమ్మేవాడు. దేశం వదిలి వెళ్లే తెల్లదొరలు వదిలించుకునే సామాను కూడా కొని అమ్మేవాడు.

"కొండలెక్కడానికి పెద్ద సంచి కావాలె," అన్నాడు నర్సయ్య. "ఓ వంటిల్లు పట్టాలె."

బాబు మియా ముందు చక్రాల సంచి ఒకటి తీశాడు. నర్సయ్య ఆ చక్రాలను వేలితో తిప్పి చూశాడు. "కొండకు రోడ్డు ఎయ్యనీకి పోతున్నం మియా. రోడ్డే ఉంటే నేనెందుకు, నీ చక్రాలెందుకు?"

తర్వాత మిలిటరీ వాళ్ల గోతాం లాంటిది వచ్చింది. నర్సయ్య చంక దాకా చెయ్యి పెట్టాడు. "గిండ్ల ఉప్పు డబ్బా ఏస్తె ఉగాదికి దొరుకుతది. వద్దు."

మూడోది ఎర్రగా మెరిసిపోతోంది. కుట్టు దగ్గర రెండు చేతులతో పట్టి గుంజాడు. దారం టప్పున తెగింది.

"అరే, గుంజుతవెందుకు?" బాబు మియా గుండె పట్టుకున్నాడు. "సరుకుని కళ్లతో చూడాలె భాయ్, చేతులతో కాదు!"

"కొండ కండ్లతోటి చూస్తదా మియా?"

బాబు మియా మూలుగుతూ నిచ్చెనెక్కి పై అటక మీదినుంచి ఒక పచ్చ కాన్వాసు సంచి దించాడు. దుమ్ము దులిపేసరికి అందులోంచి ఒక పిల్లి దిగింది. దాని వెనక దాని పిల్లలు దిగాయి. మేం సంచిని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, కాసేపటికి ఇంకో పిల్లి ఆవలిస్తూ బయటికి వచ్చింది. అంత పెద్ద సంచి అది. వీపు వైపు అల్యూమినియం కమ్మీల చట్రం, వెడల్పాటి భుజం పట్టీలు, పక్కలకు జేబులు, పైన మూతకొక జేబు, నడుము దగ్గర బకిల్ ఉన్న ఇంకో పట్టీ.

"గోరా సాబ్‌ది! అసలీ మాల్!" అన్నాడు బాబు మియా. "కొండ మీదినుంచి కింద పడెయ్, కొండకే దెబ్బ తగుల్తది, దీనికి కాదు."

లోపల కుట్టిన గుడ్డ ముక్క మీద ఏముందో చదవమని నర్సయ్య నాకు చూపించాడు. ఎనభై లీటర్లని ఉందన్నాను.

"లీటర్లేంది ఫక్రు భాయ్? గిది సంచా, డ్రమ్మా?"

"నీళ్లు పోస్తే ఎనభై లీటర్లు," అన్నాడు బాబు మియా ధీమాగా. "బియ్యం పోస్తే నీ అదృష్టం."

"మరి నడుముకు గీ పట్టీ ఎందుకు?"

నేను గుడ్డ ముక్క మళ్లీ చదివాను. పట్టీ సంగతి అందులో లేదు. బాబు మియాకు మాత్రం తెలియని విషయమంటూ లేదు. "ప్యాంటు జారకుండా."

"నేను లుంగీ మనిషిని," అని నర్సయ్య ఆ పట్టీని వెనక్కి మడిచేశాడు.

ఆపైన అసలు పరీక్ష మొదలైంది. కుట్లు గుంజాడు, తెగలేదు. పట్టీని దుకాణం కొక్కేనికి తగిలించి తాను వేలాడాడు. కొక్కెం వంగింది, పట్టీ వంగలేదు. అలవాటు కొద్దీ నెత్తి మీద పెట్టుకుని నాలుగడుగులు వేశాడు. కమ్మీలు నెత్తికి గుచ్చుకున్నాయి. అప్పుడు నేను చెప్పాక వీపుకు వేసుకుని, బాబు మియా దుప్పట్లన్నీ అందులో కుక్కి, సందు చివరి దాకా పోయి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"లేపితె బరువు, ఏస్కుంటె అల్కగున్నది. గిదే తీస్కుంట." అంతలోనే ఏదో గుర్తొచ్చి ఆగాడు. "తాళం పడ్తదా?"

తాళం వేసే వీలు లేదు. అది తెలిసేసరికి బేరం ఆగిపోయేంత పనైంది.

"కొండ మీద దొంగలెక్కడుంటారు నర్సయ్యా?" అన్నాను.

"దొంగలు లేకుంటె మేకలుంటయ్," అన్నాడు సీరియస్‌గా. "సరే తియ్యి. నా తాడే నా తాళం."

డబ్బు ప్రసక్తి రాలేదు. బాబు మియా కూతురు హుస్నా పెళ్లి దగ్గర పడింది. ఆయన ఊరికి తీసుకెళ్లే పెట్టెలన్నీ నర్సయ్యే కట్టాలి. ఇద్దరూ చేతిలో చెయ్యి వేసుకున్నారు.

బయల్దేరే ముందు సాయంత్రం రూమంతా చుట్టూ చేరింది. నర్సయ్య లుంగీ ఎగ్గట్టి కూర్చుని సంచి సర్దడం మొదలుపెట్టాడు. కిరోసిన్ స్టవ్వు, కుక్కరు, పప్పులు, బరువైనవన్నీ అడుక్కి పోయాయి. గుడ్లను ఒక పెద్ద గిన్నెలో బియ్యం పోసి, ఒక్కోదాన్ని ఒక్కో చోట పాతిపెట్టి, మూత బిగించి, దుప్పటిలో చుట్టాడు. టీ పొడి, చక్కెర, అగ్గిపెట్టెలు తీసి వాటిని ప్రేమగా చూశాడు.

"సాబుకు చాయే పానం," అన్నాడు. "గిదే అసలు సామాను." అని వాటిని నట్టనడుమకు, మోచెయ్యి దాకా చొప్పించి దాచాడు.

గంగాప్రసాద్ లేచి వచ్చి తన ఉద్యోగం తాను చేశాడు. సంచి మూలిగింది. తాడు అడ్డంగా పడింది, నిలువుగా పడింది, మూలల మీదుగా పడింది. జేబులన్నీ తాడు కింద నొక్కుకుపోయాయి. భుజం పట్టీలు రెండు మాత్రం ఊపిరి పీల్చుకోవడానికి బయటికి వదిలాడు. ఆపైన నల్ల రంగుతో అన్ని వైపులా రాశాడు: నర్సయ్య, ఫలానా ఊరు, జగిత్యాల తాలూకా, కరీంనగర్ జిల్లా. ఒమాన్ కొండల్లో ఆ సంచి ఎక్కడ తప్పిపోయినా నేరుగా జగిత్యాల చేరిపోతుందన్న మాట.

అందులో తప్పేముందో ఒక్కడికీ తట్టలేదు. అందరం చప్పట్లు కొట్టాం.

పికప్ సీబ్ దాటి, నిజ్వా దాటి, ఎండిన వాగు మొదట్లో మమ్మల్ని దింపింది. గాడిదల మనిషి హమూద్ తన మనుషులతో అక్కడ ఎదురుచూస్తున్నాడు. తెల్ల గడ్డం, నడుముకు కత్తి, కొండ మేక లాంటి కాళ్లు. మజహర్ సాబ్ నర్సయ్య వీపు వైపు చూసి ఆగిపోయాడు.

"ఏమయ్యా, ఇది కొండెక్కుతోందా, బొంబాయి ఫ్లైటెక్కుతోందా?"

నర్సయ్య నవ్వి నడిచాడు. బరువంతా అడుగున ఉండడంతో సంచి అతన్ని వెనక్కి లాగేది. ఎక్కుడు వచ్చిన ప్రతి చోటా అతను ముందుకు వంగి, నేలను వాసన చూస్తున్నట్టు నడిచాడు. ఒక చోట రాయి మీద కూర్చోబోయి వెల్లకిలా పడ్డాడు. తిరగబడిన తాబేలులా కాళ్లూ చేతులూ ఆడిస్తుంటే నేనూ హమూద్ పట్టి లేపాం.

"చాయ్!" అన్నాడు మజహర్ సాబ్, మొదటి మజిలీలో బండ మీద చతికిలబడి.

నర్సయ్య సంచి దించాడు. మూత మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వేసినట్టే ఉండిపోయింది. టీ పొడి ఎక్కడుందో అతనికి గుర్తొచ్చింది. నాకూ గుర్తొచ్చింది.

ముళ్లు ఒకటొకటే విప్పాడు. దుప్పట్లు బయటికొచ్చాయి. గరిటెలు, కంచాలు, ఉల్లిగడ్డలు బండల మీద పరుచుకున్నాయి. గాడిదలు వచ్చి చుట్టూ నిలబడి చూశాయి. చాయ్ తయారయ్యేసరికి మజహర్ సాబ్ చేతిలో గొడుగు నీడ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయింది. తాగాక మళ్లీ సర్దాలి. సర్దితే సంచి మూత పడలేదు. గంగాప్రసాద్ హమ్రియాలో ఉన్నాడు. చివరికి నేను, హమూద్ ఎక్కి కూర్చున్నాం. ఇద్దరం కలిసినా గంగాప్రసాద్ బరువు కాలేదు.

మజహర్ సాబ్ కోప్పడలేదు. అందుకే నాకు భయమేసింది. నన్ను పక్కకు పిలిచి, నర్సయ్యకు వినిపించేలా అన్నాడు. "ఫక్రుద్దీన్, ఈ రాత్రికి పైనున్న ఊళ్లో దిగుతాం. రేపు పొద్దున ఇతన్ని కిందికి పంపెయ్. మంచివాడే. కానీ చాయ్‌ని బంగారంలా దాచేవాడితో సర్వే చేయలేను."

నర్సయ్య తల వంచుకుని తాడు బిగిస్తున్నాడు. "ఇంటికి పొయ్యే సామాను తీరుగ కట్టిన భాయ్," అన్నాడు మెల్లగా. "ఇంటికి పొయ్యేదాన్ని తొవ్వల ఎవలు ఇప్పుతరు? చెయ్యి గట్లనే పోయింది."

ఇదంతా చూస్తున్న హమూద్ లేచి వచ్చాడు. "లా, లా, యా రఫీక్," కాదు కాదు మిత్రమా అంటూ కట్టిన తాడు కాస్తా విప్పించాడు. వచ్చీరాని హిందీలో, మిగతాది చేతులతో చెప్పాడు: గాడిద మీద బరువు కిందికి వేలాడితే గాడిద ఒప్పుకోదు, వీపుకు దగ్గరగా, ఎత్తులో ఉండాలి. దారిలో కావలసింది పైన ఉండాలి. స్టవ్వు, కుక్కరు పైకి వచ్చి చట్రానికి ఆనుకున్నాయి. మెత్తనివి అడుక్కి పోయాయి. టీ పొడి, చక్కెర, అగ్గిపెట్టె మూత జేబులోకి ఎక్కాయి. గుడ్ల గిన్నెను మాత్రం నర్సయ్య ఎవరినీ ముట్టనివ్వలేదు. అది దుప్పటితో సహా నడుమనే కూర్చుంది. మూత జేబు వదిలి మిగతాదంతా అతను మళ్లీ తాడేసి బిగించాడు. ఆఖరున హమూద్ మడిచిపెట్టిన నడుము పట్టీని లాగి, నర్సయ్య పొట్ట మీద బకిల్ బిగించి, గాడిదను చరిచినట్టు వీపు మీద చరిచాడు.

నర్సయ్య రెండడుగులు వేశాడు. ఆగాడు. "ఓరి బాబు మియా! ప్యాంటు కోసమన్నవు గద!" బరువంతా భుజాల మీదినుంచి నడుము మీదికి దిగిపోయింది. ఆ మీదట అతను అందరికన్నా ముందు నడిచాడు. కానీ సాబ్ మాట అప్పటికే అయిపోయింది. రేపు పొద్దునంటే రేపు పొద్దునే.

కొండ ఊరు కనిపిస్తోంది. దానిమ్మ తోటలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. చివరి మలుపులో దారి గోడ అంచులా సన్నగా ఉంది, పక్కన లోయ. నీళ్లు తాగడానికి నర్సయ్య సంచిని దించి నిలబెట్టాడు. మూత సందులోంచి కొత్తిమీర కట్ట తొంగి చూస్తోంది. ఎక్కడినుంచి వచ్చిందో ఒక మేక వచ్చి దాన్ని పట్టుకుని గుంజింది.

సంచి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత వెళ్లిపోయింది.

దొర్లింది, ఎగిరింది, ఒక బండకు కొట్టుకుని రెండో బండను వెతుక్కుంటూ పోయింది. దారిలో ఉన్న మూడు గట్లూ దానికి సలాం కొట్టి పక్కకు తప్పుకున్నాయి. చివరికి ఎక్కడో లోయ అడుగున ధబ్‌మని చప్పుడు. ఆ చప్పుడు ఎదుటి కొండకు పోయి, మేం నోళ్లు మూసుకోక ముందే తిరిగి వచ్చింది. మేక కొత్తిమీర నములుతూ నర్సయ్య మొహంలోకి చూసింది.

"పోయింది వంటిల్లు," అన్నాడు మజహర్ సాబ్. ఆయనకే జాలేసింది. "గుడ్లు ఇప్పటికి ఆమ్లెట్ అయి ఉంటాయి."

నర్సయ్య లోయలోకి చూస్తూ నిలబడ్డాడు. "కావు సాబ్."

"ఏం కావు?"

"ఒక్కటి గూడ వలగదు. బొంబాయిల గింతకన్న గట్టిగ ఇసురుతరు."

సాబ్ మీసం మెలేశాడు. "సరే. ఒక్క గుడ్డు, ఒకే ఒక్క గుడ్డు బాగున్నా రేపు నువ్వు కిందికి పోనక్కర్లేదు. పర్మనెంట్ కుక్‌వి. నా మీసం సాక్షి."

హమూద్ మనుషులు సంచిని పైకి తెచ్చారు. కమ్మీ ఒకటి వంగింది. జగిత్యాల తాలూకా చెరిగిపోయింది. తాడు, ముళ్లు మాత్రం కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. సాయంత్రం ఎండలో, ఊరి వాకిట్లో, పిల్లలతో సహా అందరూ చుట్టూ మూగారు. నర్సయ్య ముళ్లు విప్పాడు. దుప్పటి విప్పాడు. గిన్నె మూత మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని తీశాడు. బియ్యంలో వేళ్లు పెట్టి ఒక గుడ్డు తీశాడు. బాగుంది. ఇంకోటి తీశాడు. అదీ బాగుంది. అలా తీస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఈ కథ చెబుతూ ఇక్కడికి రాగానే మా మనవరాలు షిఫా ప్రతిసారీ "తాతా!" అని కళ్లురుముతుంది. ఆ పిల్లకేం తెలుసు, నర్సయ్య కట్టు చూసిన పిల్ల కాదు.

మజహర్ సాబ్ కూడా నమ్మలేదు. "ఉడకబెట్టి తెచ్చావు!" అని ఒక గుడ్డు లాక్కుని బండకేసి కొట్టాడు.

సొన ఆయన బూటు మీద కారింది.

మొత్తం ప్రయాణంలో పగిలిన గుడ్డు అదొక్కటే.

"సాబ్," అన్నాడు నర్సయ్య, మూత జేబులోంచి అగ్గిపెట్టె తీసి స్టవ్వు వెలిగిస్తూ, "గది మీ వంతుది. మీ కంచంల ఒకటి తక్కువుంటది."

ఆ పూట పులుసు వాసనకు ఊళ్లో సగం మంది వచ్చారు. ఏదో పని ఉన్నట్టు, కొందరు మంట అడగడానికి, కొందరు ఖర్జూరాలు ఇవ్వడానికి. సాబ్ తిన్నాడు, మళ్లీ పెట్టించుకున్నాడు, తక్కువైన గుడ్డు గురించి రెండుసార్లు బతిమాలాడు. నర్సయ్య కరగలేదు.

మర్నాడు పొద్దున చలిలో పొగలు కక్కే చాయ్ తాగి అందరం పై కొండకు సిద్ధమయ్యాం. నర్సయ్య సంచి సర్దాడు. వంగిన కమ్మీ వల్ల మూత అసలు పడడం లేదు. నేను కూర్చున్నాను, చాలలేదు. హమూద్ కూర్చున్నాడు, చాలలేదు. నర్సయ్య తాడు చేత్తో పట్టుకుని చుట్టూ చూశాడు. అందరిలోకి లావైనవాడు ఎవరో అందరికీ తెలుసు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

"సాబ్," అన్నాడు నర్సయ్య. "జర రాండ్రి."

మజహర్ సాబ్ గ్లాసు కింద పెట్టి, మీసం తుడుచుకుని, వచ్చి సంచి మీద కూర్చున్నాడు.